సుంకులక్కకు ఖాళీ మంచం కనబడకూడదు

మా సుంకులక్కకు ఒకటే దురలవాటు. ఎవరి వృద్ధాశ్రమానికి వెళ్ళినా కుర్చీలో కూర్చోదు. ఖాళీ మంచం వెతుక్కుని, చెప్పులు కిందికి తోసి, చేతిసంచి తల కింద పెట్టుకుని పడుకుంటుంది. "ఊ, ఇప్పుడు నన్ను చూసుకోండప్పా" అంటుంది. ప్రొద్దుటూరులో తనకే సొంత ఆశ్రమం ఉంది, నిండా మంచాలున్నాయి. అయినా ఆవిడ మోజంతా పక్క ఊళ్ళ మంచాల మీదే.

జమ్మలమడుగులో నేను నడిపే ఆశ్రమానికి మొదటిసారి వచ్చిన రోజు నేను బజారులో ఉన్నాను. పనిలో కొత్తగా చేరిన నందిని, ఎవరో అవ్వ చేరిందనుకుని, అక్కకు తలంటి, నైటీ తొడిగి, సంగటి మెత్తగా పిసికి తినిపించేసింది. నేను వచ్చేసరికి అక్క వెల్లకిలా పడుకుని తీర్పు చెబుతోంది.

"సుమతీ, నీ పిల్ల మంచిదే గానీ పండుకోబెట్టి తినిపిస్తాంది మే! సంగటి ముక్కులోకి పోయింది. లేపి కూర్చోబెట్టి పెట్టల్ల. నా కాడ అట్లే చేస్తాం."

"పేషెంటును కాదని ఆ పిల్లకు ఒక మాట చెప్పొచ్చు గదక్కా!"

"ముసలోళ్ళు చెప్తే ఎవురు వింటాండారు?"

పోతూ పోతూ మా దగ్గరా ఒక ఉపాయం పట్టుకుపోయింది. మతిమరుపు వాళ్ళు గుర్తుపట్టడానికని మేం బాత్రూం తలుపుకు ఎర్రరంగు వేయించాం. వారం తిరక్కుండా అటు పెద్దముడియం నుంచి ఇటు వేముల దాకా ఆశ్రమాల బాత్రూం తలుపులన్నీ ఎర్రబడ్డాయి.

కడపలో ఒక హోటల్లో ఉత్తమ పద్ధతుల మీద సదస్సు జరిగింది. ఏసీ హాలు, తెర మీద బొమ్మలు, జీడిపప్పు బిస్కెట్లు. వృద్ధుల గౌరవం గురించి అందరూ మాట్లాడారు, ఒక్క వృద్ధుణ్ణీ పిలవలేదు. పిలిచినా ఆ మెట్లు ఎక్కలేరు. అక్క వంతు రాగానే వేదిక మీది బల్లపై పడుకుని మైకు అందుకుంది.

"ఈడ నుంచి చూస్తే మీకు ముక్కురంధ్రాలే ఉండాయి, మొగాలు లేవప్పా. ఇంతే నా ఉపన్యాసం."

అక్క తీర్పులకు అన్ని ఆశ్రమాలూ లొంగాయి, పులివెందుల జయచంద్ర తప్ప. "మా పద్ధతి మాది, మీది మీది" అని అక్కను గేటు దగ్గరే తిప్పి పంపేవాడు. అక్కడున్న దిల్షాద్‌బీ అనే పెద్దావిడ చేతులు మంచానికి కట్టేస్తున్నారని, ఆమె చెల్లెలి కొడుకు జహీర్ ఒక రోజు మా దగ్గరికి వచ్చి చెప్పుకున్నాడు. అడిగితే "తీసుకపో" అంటున్నారట. అతని ఇల్లు చూస్తే ఒకటే గది.

మర్నాడు జహీర్‌తో పాటు, చూడవచ్చిన బంధువుల్లాగా లోపలికి వెళ్ళాం. అక్క నేరుగా దిల్షాద్‌బీ పక్క మంచం మీద వాలిపోయింది.

"జయచంద్రా, నా చేతులూ కట్టు."

"ఏందక్కా ఈ డ్రామా? ఆయమ్మ ఒకసారి లేచి పడింది. మళ్ళా పడి తుంటి ఇరిగితే నువ్వు జవాబు చెప్తావా?"

"చెప్తా. ఆయమ్మకు మంచిదైతే నాకూ మంచిదే. కట్టప్పా."

జయచంద్ర కోపంతో చున్నీ తెచ్చి నిజంగానే కట్టేశాడు. ఈగ వచ్చి అక్క ముక్కు మీద వాలింది. ఊదింది. మళ్ళీ వాలింది.

"దీన్ని తోలేదానికి మనిషిని పెట్టినావా లేదా?"

ఆయాలు నవ్వారు. జయచంద్ర నవ్వలేదు. అక్క దిల్షాద్‌బీ వైపు తిరిగింది. ఇద్దరూ చాలాసేపు గుసగుసలాడుకున్నారు. తర్వాత అక్క గొంతెత్తింది.

"నాకు బాత్రూంకు పోవల్ల. ప్యాంపర్‌లో పొయ్యడం నా వల్ల కాదు, సిగ్గయితాంది."

"నువ్వొచ్చి గంట కూడా కాలేదు. నీకు ప్యాంపర్ ఎవురు ఏసినారక్కా?"

అక్క చూపు పక్క మంచం మీదికి పోయింది. నాకు అప్పుడు వెలిగింది. ఇన్నేళ్ళూ తనకు జరిగినట్టు చెప్పిన కష్టాల్లో చాలావరకు పక్క మంచాల వాళ్ళు ఆవిడ చెవిలో వేసినవే. వాళ్ళ పేరు బయటపడితే మేం విసుక్కుంటామని అన్నీ తన మీద వేసుకుంది.

"ఆ మాట నాది" అంది దిల్షాద్‌బీ.

"నువ్వు గమ్మునుండమ్మా, నేను చెప్తాండా గదా" అక్క కసిరింది.

"నా మాట నేనే చెప్తా. నాయనా, నేను లేచేది దానికే. చెయ్యి పట్టుకునేదానికి ఒక మనిషినియ్యి, పడను. కట్లు ఇప్పు."

"ఇన్నాళ్ళూ చెప్పలేదేమ్మా?"

"నువ్వు నిలబడి 'బాగుండావా' అంటివి. నిలబడినోళ్ళకు 'బాగుండా' అనే చెప్తాం."

జయచంద్ర వంగి దిల్షాద్‌బీ చేతుల ముడి విప్పాడు.

"సుమతి కాడ మంచానికి గంట కట్టినారు. నా కాడ మంచం కాళ్ళు కోయించి పొట్టి చేసినాం" అంది అక్క.

"ముందే చెప్పొచ్చు గదక్కా!"

"గేటు తీస్తివా?"

దిల్షాద్‌బీ ఆయా చెయ్యి పట్టుకుని మెల్లగా నడిచింది. బాత్రూం గడప దగ్గర ఆ చెయ్యి వదిలేసి, లోపల కమ్మీ పట్టుకుని తలుపు దగ్గరికి వేసుకుంది. జయచంద్ర తలుపు బయటే నిలబడ్డాడు.

లోపలి నుంచి కేక వినిపించింది. "మగ్గు ఇంత పైన ఎవురు పెట్టినారు? నాకేమన్నా ఒంటె మెడ ఉండాదా?"

"వింటాండావా జయచంద్రా? పోయి మగ్గు దించు. దానికి ముందు నా చేతులిప్పప్పా" అని అరిచింది అక్క.

"ఆమెను కాసేపు అట్లే ఉండనీ నాయనా! శానా మాట్లాడతాది. ముందు మగ్గు చూడు" అంది లోపలి గొంతు.