దావీదు ఇంటిని తలుచుకున్న పగవాడి రాయి

వైటూకే కంప్యూటర్ పనుల కోసం సింగపూర్ వచ్చిన రోజుల్లో నాకు ప్రయాణమంటే ఆఫీసుకు వెళ్ళి రావడమే. ఒక శనివారం మాత్రం ఒక రాయిని చూడడానికి బయల్దేరాను. కారణం రత్నమ్మ ఆంటీ. పాసిర్ రిస్ ఫ్లాట్‌లో నాతో ఉండే ప్రభాకర్ వాళ్ళమ్మ, చీరాల నుంచి కొడుకుని చూడడానికి వచ్చారు. భోజనానికి ముందు చెంగు తలమీద కప్పుకుని పైకి ప్రార్థన చేసేవారు. నాకు దేవుడి గోల పెద్దగా లేదు గానీ, పప్పుకీ పచ్చడికీ కూడా ఆవిడ స్తోత్రం చెప్పడం మహా ఇష్టం.

ఆ వారం ప్రభాకర్ ఇంటర్నెట్‌లో ఏదో చదివి, బైబిల్లో తప్ప దావీదు రాజు ఉన్నట్టు ఎక్కడా ఆనవాలే లేదట అని భోజనాల దగ్గర అనేశాడు. ఆ పూట నుంచి ఆంటీ ప్రార్థన ఆపేశారు. కోపం కాదు, ఏదో పోగొట్టుకున్న మనిషిలా ఉండేవారు. ఇంకో మూడు రోజుల్లో తిరుగు విమానం. ఇలాగే వెళ్ళిపోతారేమోనని నాకు బెంగ పట్టుకుంది.

పదింటికి ఆంటీని తీసుకుని రైలెక్కి సిటీ హాల్ స్టేషన్‌లో దిగాం. అక్కడి మ్యూజియంలో ఇశ్రాయేలు నేలలో తవ్వి తీసిన వాటి ప్రదర్శన పెట్టారు. టికెట్టు వయసు మళ్ళినవాళ్ళకు సగమే. లోపల ఏసీ వణికిస్తుంది, వెళ్ళేవాళ్ళు శాలువా పట్టుకెళ్ళండి.

మట్టి దీపాలు, కూజాల పిడులు దాటాక ఒక ఈజిప్టు శాసనం నకలు ఉంది. ఇశ్రాయేలుకి విత్తనం కూడా మిగల్లేదని దాన్ని చెక్కించిన రాజు గొప్పలు చెప్పుకున్నాడట. ఇశ్రాయేలు అన్న పేరు దొరికిన అతి పాత రాతల్లో ఇదొకటి. లేకుండా చేశానన్న మాటే వాళ్ళు ఉన్నారని చెబుతోంది.

ఆ పక్కనే విరిగిన నల్లరాతి ముక్కలు. కింద పెట్టిన చీటీ చదివి, రాతిమీద 'దావీదు ఇల్లు' అని ఉందని నేను చెప్పగానే ఆంటీ చెంగు తలమీదికి లాక్కుని కళ్ళు మూసుకున్నారు. అక్కడ వివరించే చైనీస్ పెద్దావిడ ఆంటీ కళ్ళు తెరిచేదాకా ఆగి, ఇదీ నకలేననీ, చెక్కించింది పొరుగున ఉన్న అరాము దేశపు రాజనీ, దావీదు వంశపు రాజును చంపానని చాటుకున్నాడనీ చెప్పింది. నేను నసుగుతూనే తెలుగులో చెప్పాను. ఆంటీ చెంగు జారిపోయింది.

"పగోడి రాయికా నేను ముసుగేసుకుంది?"

నేనా మాట ఇంగ్లీషులో చెప్పాను. "చాలా పాత శత్రువు లా, ఆంటీ," అని మాట చివర 'లా' తగిలించే సింగపూర్ యాసలో చెప్పి నవ్వింది పెద్దావిడ. దావీదు రాజ్యం ఎంత పెద్దదో పండితులు ఇంకా కొట్టుకుంటూనే ఉన్నారని, ఆ పేరున ఒక రాజవంశం ఉందని మాత్రం ఈ రాయి చెబుతోందని అంది.

ఆంటీ ఆ ముక్కల మీదికి వంగి చూశారు. తర్వాత మెల్లగా అడిగారు. "వాడికి దావీదు వాళ్ళంటే గిట్టదు గదా బాబూ?"

"అస్సలు గిట్టదు ఆంటీ."

తిరుగు రైల్లో నేను కిటికీలోంచి చూస్తూ, ఎన్ని వందల ఏళ్ళ కిందటి పగ ఒక పేరును భద్రంగా దాచి ఇక్కడిదాకా పంపిందో కదా అనుకున్నాను.

పాసిర్ రిస్ స్టేషన్ పక్క ఫుడ్ కోర్టులో ప్రభాకర్ ఇక్కడివాళ్ళలా టిష్యూ ప్యాకెట్ పెట్టి బల్ల 'చోప్' చేసి, అంటే మాకని పట్టి ఉంచాడు. పరోటాలు వచ్చాయి. వాడు తుంచబోతుంటే ఆంటీ చెంగు తలమీద కప్పుకున్నారు. వాడి చెయ్యి ఆగిపోయింది.

"ప్రభువా, ఈ భోజనానికి స్తోత్రం. ఆ పగరాజు నోరు మూసుకుని ఊరుకోనందుకు కూడా స్తోత్రం."

ఆ రాజెవరో ప్రభాకర్‌కి ఇంకా తెలియదు. అయినా ఆమెన్ అని ముందు అన్నది వాడే.