నావబండల మీద అంబదాస్

చెన్నూరు వైపు ప్రాణహితలో వేసవికి నీళ్లు దిగితే నావబండలనే నల్లటి బండలు పూర్తిగా తేలతాయి; మిగతా కాలమంతా వాటి తలలే నీళ్లపైన కనబడతాయి. వాటి సందున ఓ పాత తెరచాప ఓడ ఎముకలు ఇరుక్కుని ఉన్నాయి. దొరల కాలంలో పత్తి బేళ్లతో పోతూ అక్కడ పగిలిందట. బెదిరి దూకినవాళ్లను ఏరు ఎత్తుకుపోయింది, ఓడ కట్టెను కరిచి పట్టుకున్నవాళ్లు బతికారు. అలా బతికినవాళ్లలో ఒకడి వంశం అంబదాస్‌ది.

అంబదాస్ నావ నడుపుతాడు. వంతెన వచ్చాక అందరూ బస్సెక్కారు. చుట్టు తిరగడం ఇష్టంలేనివాళ్లే అతని దగ్గరికి వస్తారు. "నీ నావల మనుషుల కన్న మేకలే ఎక్కువ" అని పెళ్లాం ఎత్తిపొడుస్తుంది. అతను నవ్వుతాడు. నావ నడుమ ఎవరైనా లేచి నిలబడితే మాత్రం నవ్వడు.

ఆ రేవులో నడి ఏటిలో లేచి నిలబడి గంగమ్మకు పసుపు కుంకుమ ఇవ్వడం అలవాటు. అంబదాస్ దాన్ని ఒడ్డుకు మార్పించాడు.

వానలు తగ్గిన కొత్తలో కమలవ్వ వచ్చింది. కోడలు తిరుమలనూ, పసిగుడ్డునూ అవతలి ఒడ్డున ఉన్న చుట్టాలింటికి తీసుకుపోతోంది.

"అక్కా, ఇచ్చేదేదో గీడనే ఇయ్యి" అన్నాడు అంబదాస్.

"గడ్డ మీద ఇస్తె గంగమ్మకు ఎట్ల అందుతది? నీకు నీ నావ ఫికరు. నాకు నా మనుమరాలి ఫికరు."

"గంగమ్మకు గడ్డకాడ ఆకలి గాదా అక్కా?"

నావెక్కడానికి వచ్చిన కూలోళ్లందరూ నవ్వారు. కమలవ్వ కూడా నవ్వి, ఒడ్డున చిటికెడు వేసి నావెక్కింది. మిగతా పసుపు కొంగున ముడేసి దాచుకుంది.

నడి ఏటికి రాగానే ఆమె లేచి నిలబడింది. పెద్దావిడ గంగమ్మకు మొక్కుతుంటే కూర్చోవడం తప్పని, నావలోని కూలోళ్లు కూడా లేచి అటే తిరిగారు. నావ ఒక్కసారిగా ఒరిగింది. అంబదాస్ చేతిలోని గడకర్ర జారి నీళ్లలో పడింది.

"కూసోండ్రి! అందరు కూసోండ్రి!"

కూర్చునేసరికే ప్రవాహం నావను బండల వైపు తిప్పింది. అడ్డంగా తగిలితే బోర్లా పడుతుంది. తిరుమల ఒళ్లో ఉన్న పసిగుడ్డుకు ఈత రాదు, కట్టెను పట్టుకోవడమూ రాదు. అంబదాస్‌కు ఇంకేమీ తోచలేదు. నావ వెనకనున్న తెడ్డు మీద ఒళ్లంతా వాల్చి, ముక్కు ఇరుక్కునేలా నావను బండల సందులోకి తిప్పాడు.

దబ్బున తగిలింది. పలక పగిలి నీళ్లు లోపలికి దూకి, తిరుమలనూ ఒళ్లోని బిడ్డనూ ముంచెత్తాయి.

"దుంకకుండ్రి! కట్టె ఇడవకుండ్రి!"

అతను నడుము లోతు నీళ్లలో దిగి, బండకు వీపు ఆనించి నిలబడ్డాడు.

"బిడ్డనియ్యి తల్లీ."

"నేనియ్య!" అని అరిచింది తిరుమల.

"ఇయ్యకు. నువ్వే రా, బిడ్డతోటి."

ఇద్దరినీ కలిపి ఎత్తి బండ మీద పెట్టాడు. తర్వాత కమలవ్వను, కూలోళ్లను ఒక్కొక్కరిగా ఎక్కించాడు. చివరికి తను ఎక్కేసరికి నావ రెండు ముక్కలై కొట్టుకుపోతోంది.

బండ మీద అందరూ బిడ్డ చుట్టూ చేరారు. పసిది తడిసి ముద్దయి, కళ్లు మూసుకుని కదలకుండా ఉంది. తిరుమల అరికాళ్లు రుద్దుతోంది, వీపు నిమురుతోంది, మళ్లీ అరికాళ్లు రుద్దుతోంది. అంబదాస్ అటు చూడలేక నీళ్ల వైపు తిరిగాడు.

అప్పుడు బిడ్డ దగ్గింది. చిన్నగా మూలిగింది. ఆ తర్వాత ఏరంతా వినబడేలా గుక్కపట్టి ఏడ్చింది.

"ఏడ్వు నా తల్లీ, మస్తుగ ఏడ్వు!" కమలవ్వ నెత్తి కొట్టుకుంటూ నవ్వింది. "తమ్మీ, నా పాడు మొండితనానికి నీ నావ పాయె."

"పోనీ అక్కా. జర పొడి గుడ్డ ఎవలకాడన్న ఉందా సూడుండ్రి."

ఎవరి దగ్గరా లేదు. తిరుమల బిడ్డను తన వంటి వెచ్చదనంలోకి పొదువుకుని పాలు పట్టింది. ఏడుపు ఆగింది. చేపలు పట్టేవాళ్ల పడవ ఒకటి కేకలు వేస్తూ ఇటే వస్తోంది.

అంబదాస్ ఆ పడవకు చెయ్యి ఊపాడు. కూలబడి, బండ మీద ఉన్నవాళ్లందరినీ లెక్కపెట్టాడు. అందరూ ఉన్నారు. మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాడు.