జపాన్ గీత పక్కన న్యాల్‌కల్ జొన్న

1961లో గణాంక శాఖ నన్ను జహీరాబాద్ తాలూకాకు వేసింది. తాలూకా లెక్కలన్నీ నా చేతికింద నడిచేవని పెళ్ళిళ్ళలో చెబుతుంటాను. నిజానికి నా చేతికింద ఉన్నవి ఒక కాటా, ఒక తాడు, కొన్ని మేకులు.

పని పేరు పంటకోత ప్రయోగం. ఏ చేను, అందులో ఏ మూల అన్నది మన ఇష్టం కాదు. అచ్చయిన అంకెల పట్టిక చెబుతుంది. అక్కడ తాడు పట్టి మడికి గుర్తు పెట్టి, కోయించి, నూర్పించి, గింజలు తూచాలి. నేను వచ్చేదాకా ఈ తాలూకాలో తూకం లేదు. ఊరి లెక్కలు రాసే పట్వారీ గట్టు మీద నిలబడి, నిండు పంట పదహారణాలైతే ఇది ఇన్ని అణాలని కంటి అందాజాతో రాసేవాడు. ఊరికి శిస్తు మాఫీ దొరకాలని ఆ కన్ను ఎప్పుడూ పంటలో మూడో వంతే చూసేది.

ఆ ఏడు వాన సరిగా పడలేదు. ఊళ్ళవాళ్ళు చౌకధరకు జొన్నలు పంపమని తహసీల్దారుకు అర్జీలు పెట్టుకున్నారు. అప్పటికే కోతలైన ఊళ్ళ తూకాలతో మా శాఖ వేసిన లెక్క చూసి ఆయన కాదన్నాడు. నిరుటికంటే పంట పెరిగిందట!

పెంచింది మా పైఅధికారి. ఆయనొక పటం గీయించాడు. జపాన్‌లో మనిషి తలకు ఎంత ఉత్పత్తి, మన దగ్గర ఎంత, ఏటేటా రెండు గీతలు. మన జిల్లానే దేశమనుకున్నాడు మహానుభావుడు. నిరుటిదాకా పట్వారీ కన్ను, ఈ ఏడు నా కాటా. రెండూ కలిపి ఒకే గీత చేసేసరికి అతుకు దగ్గర మనం జపాన్ మీదికి ఎగిరి దూకాం. చేను ఎండింది, గీత పెరిగింది. ఇప్పటికీ తలచుకుంటే ఒళ్ళు మండుతుంది.

న్యాల్‌కల్‌లో తాడు పట్టబోతే రైతు సంగమ్మ అడ్డం నిలబడింది.

"సారూ, పెరిగిన పంట యాడున్నదో జర జూపియ్యి, మోసుకపోత. పొయ్యి మీద ఎసరు మరుగుతున్నది."

కోత ఆపించాను. పట్వారీ వీరప్పను పిలిపించి, నిరుటిలాగే చూసి అణాలు వేయమన్నాను.

"కాటా ఉండంగ నా కన్నెందుకు సారూ? ఎక్కిరిస్తున్నవా?" అన్నాడు.

నిరుడు చూసిన కన్నే కావాలన్నాను. గొణుక్కుంటూనే చేలన్నీ చూశాడు. నిరుడు వేసిన అణాల్లో సగం కూడా పడలేదు. ఆ తర్వాతే తాడు పట్టాను.

ఆ పటం పైఅధికారి ముందే చింపేశానని మనవళ్ళకు చెప్పాను. చింపలేదు. అతుకు దగ్గర పెన్సిల్ ఆనించి చూపించాను, అంతే. పటం ప్రదర్శనకు ఖాయమైపోయింది, జపాన్ సంగతి నీకెందుకు అన్నాడాయన. ఆయన గదిలో మింగిన కోపమంతా బయట మా జీపు డ్రైవర్ మీద కక్కాను.

తహసీల్దారు మాత్రం విన్నాడు.

"గీ మాట మొదలే చెప్పొద్దా మియా? కాటాను కన్నుతోని ఎట్ల తూస్తరు మీరు?" అని నన్నే తిట్టి, న్యాల్‌కల్‌కు జొన్నలు రాశాడు. అర్జీలు పెట్టుకున్న కోహీర్, మొగుడంపల్లి సంగతేమిటని అడిగాను. అక్కడి పట్వారీల ఈ ఏటి అందాజా తెమ్మన్నాడు.

అక్కడ కోతలు అప్పటికే అయిపోయాయి. పట్వారీలు చూడడానికి చేలలో జొన్న కొయ్యకాళ్ళు తప్ప ఏమీ మిగల్లేదు. ఆ ఊళ్ళకు జొన్నలు రాలేదు. పటం మాత్రం అద్దం బిగించుకుని ప్రదర్శనకు వెళ్ళింది.

కొలిచే పద్ధతి మార్చిన ఏడు, పాత కొలతా కొత్త కొలతా ఒకే చేను మీద, కొడవలి పడకముందే తీసుకోవాలి. అది చెయ్యనిచోట ఒకే ఊరి రెండేళ్ళ పంటను కూడా పోల్చకూడదు. రెండు దేశాల మాట ఆ తర్వాత.