కొమ్ములు లేని అత్త

మా ఎదురింటి అత్త పోయింది. బేస్తవారిపేటలో కూతురింటికి వెళ్ళి, అక్కడే నిద్రలో పోయింది. గిద్దలూరులో మా గుమ్మం ముందు నిలబడి ఆ మాట చెప్పిన ఆమె కొడుకు, కళ్ళు తుడుచుకుంటూనే రెండో మాట కూడా చెప్పాడు.

"పెద్దకర్మకు పటం పెట్టాల పాపా. ఇంట్లో అమ్మ ఫోటో ఒకటి గూడా లేదు. నువ్వే గీయాల."

నిజమే. ఎవరు ఫోన్ ఎత్తినా అత్త ముఖానికి కొంగు అడ్డం పెట్టుకునేది. ఉన్నదల్లా గుర్తింపు కార్డు మీది ఫోటో. అది ఆమేనంటే ఆమే నమ్మేది కాదు. నా దగ్గర మాత్రం అత్త బొమ్మలు ఇరవై దాకా ఉన్నాయి. అన్నిటికీ కొమ్ములున్నాయి.

ఎందుకున్నాయో మీకు చెప్పాలి. నేను పిల్లల కథల పుస్తకాలకూ, ఫోన్లో ఆడుకునే చిన్న చిన్న ఆటలకూ బొమ్మలు గీస్తాను. అత్త తన వరండాలో మిషన్ మీద జాకెట్లు కుట్టేది. పని తెమిలాక మా ఇంటికొచ్చి నా వెనక నిలబడేది. మొదటిసారి ఒక ఆట కోసం కత్తి పట్టిన పిల్లను గీస్తుంటే, మెడలోని కొలతల టేపు తీసి నా కంప్యూటర్ తెర మీద పెట్టింది.

"ఏందే ఇది? ఇంత బిగుతు జాకెట్లో ఈ పిల్ల ఊపిరి ఎట్ల తీసుకుంటాది?"

"ఆటలో బొమ్మ అత్తా, దానికి ఊపిరితో పనిలేదు."

"కత్తి తిప్పాల అంటివే! చెయ్యెత్తితే చంక కాడ పిగిలిపోతాది. అసలు ఎట్ల తొడుక్కునింది? హుక్కులు యాడ?"

హుక్కులు ఎక్కడో నాకూ తెలియదు. పౌరుషం కొద్దీ వాదించాను గానీ, మర్నాడు నోరు మూసుకుని చంకల దగ్గర వదులు చేసి, వీపున ఆరు హుక్కులు పెట్టాను. ఆట తయారుచేసేవాళ్ళు ఇప్పుడు మనిషిలా ఉందన్నారు. ఆ మాట అత్తకు చెప్పడం నేను చేసిన పొరపాటు. అప్పటి నుంచి ఎవరిని గీసినా వెనక్కి తిప్పి చూపించమనేది. "ముందర అందరూ బాగనే ఉంటారే. పనితనం వెనక కుట్టులో తెలుస్తాది" అనేది. ఒక పుస్తకంలో చొక్కా తొడుక్కున్న కుందేలు ఉంటే, తోక దగ్గర కంత పెట్టావా అని అడిగింది. పెట్టలేదు. తర్వాత పెట్టాను. నేను ఏ కాలేజీలోనూ బొమ్మలు నేర్చుకోలేదు, నాకు నేర్పింది ఈమే.

ఇంతలో ఒక ఆటకు రాక్షసి కావలసి వచ్చింది. ముగ్గురిని గీసి పంపాను. ముగ్గురూ తిరిగొచ్చారు, భయం వేయలేదట. తల పట్టుకుని కిటికీలోంచి చూశాను. ఎల్లుండి పెళ్ళి పెట్టుకుని ఇవాళ జాకెట్ గుడ్డ తెచ్చిన ఒకామెను అత్త చూస్తోంది. తిట్టడం లేదు, ఊరికే చూస్తోంది. ఆ కనుబొమ్మలూ, ఆ దవడా, పెదాల మధ్య గుండుసూదులూ! గబగబా గీసి, సూదులను కోరలు చేసి, కొమ్ములు తగిలించి పంపాను. వెంటనే ఒప్పుకుని, అదే రాక్షసిని ఇరవై దాకా భంగిమల్లో గీయించుకున్నారు.

వారం రోజులు దాచాను. అత్త దగ్గర ఏదైనా దాగుతుందా? చూసింది. చాలాసేపు చూసింది.

"ఎవరిదే ఈ ముఖం?"

"ఊహించి గీసినా అత్తా."

"మహాలక్ష్మి మాదిరి ఉండాది. ఇట్లాంటి ముఖానికి కొమ్ములేందే, నీ పాడుబుద్ధి!" అని నెత్తిన ఒక్కటి మొట్టి పోయింది. అది ఆమే అని నేను చెప్పలేదు. ఇప్పుడు చెబుదామంటే మనిషి లేదు. ఆ సిగ్గు నన్ను ఇంకా వదల్లేదు.

అందుకే పటానికి కూర్చున్నప్పుడు, చేసిన పాపం కడుక్కుందామని, చల్లగా నవ్వుతున్న అత్తను గీశాను. అత్త కూతురు చూసి "ఈమెవరే?" అంది. ఇంకా చల్లగా మరొకటి గీశాను. కొడుకు మొహమాటపడ్డాడు. "బాగుంది పాపా. కానీ మాయమ్మ ఎప్పుడన్నా ఇంత నెమ్మదిగా ఉన్నిందా?" అన్నాడు. తెల్లవారితే పెద్దకర్మ. ఇక దారిలేక రాక్షసి బొమ్మ తెరిచాను. కొమ్ములు చెరిపాను. కోరలు తీసి, గుండుసూదులు ఎక్కడివి అక్కడ పెట్టాను. నుదుట బొట్టు దిద్దేటప్పుడు ఏడుపు ఆగలేదు.

పొద్దున్నే పటాన్ని కుర్చీలో పెట్టి దండ వేశారు. ఎవరేమంటారోనని నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. కొడుకు తోట నుంచి అరిటాకుల కట్ట మోసుకుని నేరుగా లోపలికి వచ్చాడు, కాళ్ళ నిండా బురద. రెండడుగులు వేసి, పటం చూసి, ఆగిపోయాడు. యాభై ఏళ్ళ మనిషి.

"కడుక్కుంటాలేమ్మా, కడుక్కుంటా" అని వెనక్కి తిరిగి తొట్టి దగ్గరికి పోయాడు. చెంబుతో నీళ్ళు పోసుకుని, మడమలు కూడా వదలకుండా రుద్దుకుంటూ నిలబడ్డాడు.