సుబ్బారావు గారు చెప్పే రొయ్యల రేటు

రొయ్యల రేట్లు చూపించే యాప్ పెట్టి రెండేళ్లయినా, మాకు యూజర్లు పెరగడం లేదు. కారణం తెలుసుకుందామని ఈరోజు భీమవరంలో సుబ్బారావు గారి రొయ్యల మేత కొట్లో కూర్చున్నాను. ఆయన ఫోన్ ఒకటే మోత. రైతులందరూ ఆయన్నే రేటు అడుగుతున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది.

"మీకెలా తెలుస్తుందండి ఈ రేటు?" అనడిగాను.

"మీ యాప్‌లోదేనండి! పొద్దున్నే చూసేసి అందరికీ చెప్పేస్తానండి. నేను చెబితేగానీ నమ్మరండి వాళ్లు."

అంతలో ఒక రైతు వచ్చి, "మీరు చెప్పిన రేటుకే అమ్మానండి" అంటూ ఆయనకి బుట్టెడు మామిడిపళ్లు ఇచ్చి వెళ్లాడు.

ఇంతమందికి మా రేటు చేరవేస్తున్నా, మా ఆఫీసు లెక్కలో సుబ్బారావు గారు ఒక్క యూజర్ కిందే వస్తారు. వెళ్లేటప్పుడు నా చేతిలో ఓ పండు పెట్టారు. మీరైతే తినగలిగేవారా?