ఒక్క క్లిక్ పద్మనాభం గారు

పద్మనాభం గారికి దేవుడి మీద భక్తి, భార్య మీద ప్రేమ, కారు మైలేజీ మీద పిచ్చి. మొదటి రెండూ చూసినవాళ్ళు తక్కువ. మూడోది మాత్రం అమెరికాలో వాళ్ళ ఊరు పార్సిప్పనీలో ఉన్న తెలుగువాళ్ళందరికీ తెలుసు. ఎవరైనా ఎదురుపడితే "బావున్నారా?" అని అడగరు. "మీ బండి గాలన్‌కి ఎంతిస్తోంది?" అంటారు. "తెలీదండీ" అన్నారా, మీకు పిల్లలెంతమంది అంటే తెలీదన్నవాణ్ణి చూసినట్టు చూస్తారు.

న్యూజెర్సీలో మన పెట్రోలు మనం పోసుకోకూడదు, బంకువాడే పోయాలి. చిక్కంతా అక్కడే. ట్యాంకు నిండగానే గొట్టం టక్కుమని ఆగిపోతుంది. బంకులో సర్దార్జీ అలవాటు కొద్దీ ఇంకో రెండుసార్లు నొక్కబోతాడు. పద్మనాభం గారు కిటికీలోంచి నడుం దాకా బయటికొచ్చి, "వన్ క్లిక్! ఓన్లీ వన్ క్లిక్!" అని గావుకేక పెడతారు. ప్రతిసారీ మొదటి క్లిక్ దగ్గరే ఆపితే, పట్టినంత పెట్రోలే బండి తాగినంత. తిరిగిన మైళ్ళని దాంతో భాగిస్తే మైలేజీ. ఆ భాగహారం నోటితోనే, కళ్ళు మూసుకుని, పైకే చేస్తారు. వెనక కార్లన్నీ హారన్లు కొట్టినా శేషం తేలందే కదలరు. బండి బంకులోకి మలుపు తిరుగుతుండగానే సర్దార్జీ "వన్ క్లిక్ అంకుల్ ఆ గయే!" అని లోపలికి కేకేస్తాడు. పక్క సీట్లో హనుమయ్య సిగ్గుతో సీటులోకి జారిపోతాడు.

హనుమయ్యది నల్గొండ దగ్గర పల్లె. ఆరో క్లాసులో బడి మానేశాడు. బావమరిది తెప్పించిన గ్రీన్‌కార్డు మీద భార్య రాజేశ్వరమ్మతో వచ్చి, ఒక దేశీ రెస్టారెంటు వంటింట్లో బస్తాల కొద్దీ ఉల్లిపాయలు తరుగుతున్నాడు. డ్రైవింగు రాదు. ఒకరి దగ్గర ఊరికే ఏదీ తీసుకోడు. పక్కింటివాళ్ళు గిన్నెలో పప్పు పంపితే, ఆ గిన్నెలో పచ్చడి పెట్టి తిప్పి పంపేదాకా అతనికి నిద్ర పట్టదు.

ఒక చలికాలం పొద్దున మంచులో నడిచి పనికి పోతుంటే, పక్కన పాత టొయోటా ఆగింది. వాళ్ళ పై అంతస్తులో ఉండే పద్మనాభం సారు అద్దం దించారు.

"ఏవయ్యా, నీ బరువెంత?"

"ఏమో సారు. డెబ్బై కిలోలుంటది."

"ఎక్కు! నాకు సరిగ్గా డెబ్బై కిలోల లోడ్ కావాలి. ఒక్కణ్ణే ఉంటే ఎంతిస్తుందో తేలింది, మనిషుంటే ఎంతిస్తుందో తేలలేదు."

"వద్దు సారు, నడుస్త."

"నేనేం నీకోసం అడుగుతున్నానా? టెస్టు పాడైపోతుందయ్యా!"

ఎక్కాడు. అప్పట్నుంచీ రోజూ ఎక్కుతూనే ఉన్నాడు. రెస్టారెంటులో కాస్త ఎక్కువ తింటే "లోడు మారిపోతుంది, జాగ్రత్త" అని సారు కోప్పడేవారు. పెట్రోలు డబ్బులు ఇవ్వబోతే ఇంకా కోప్పడేవారు. "బరువు తెచ్చినందుకు నేనే నీకివ్వాలి" అనేవారు.

రాజేశ్వరమ్మకి కిడ్నీలు చెడి డయాలిసిస్ మొదలయ్యాక, టెస్టు కూడా ముదిరింది. "ఇద్దరి లోడు చూడాలి. మధ్యలో నాలుగ్గంటలు ఇంజను పూర్తిగా చల్లారాలి. మంగళ, గురు, శనివారాలు" అన్నారు సారు. డయాలిసిస్‌కి పట్టేదీ నాలుగ్గంటలే, ఆమె వెళ్ళే వారాలూ అవే. ఎంత బాగా కలిసొచ్చిందో అనుకున్నాడు హనుమయ్య.

కలిసి రానిది ఆయన డ్రైవింగు. పెట్రోలు తింటాయని హీటరు వెయ్యరు, ఏసీ వెయ్యరు. రోడ్డు దిగుడు వస్తే ఇంజనే కట్టేస్తారు.

"సారూ, బండి ఆగింది!"

"ఆగలేదు, ఆపాను. దిగుడుకి పెట్రోలెందుకు?"

"మరి బ్రేకో?"

"పడుతుంది. కాస్త గట్టిగా తొక్కాలంతే."

వెనక సీట్లోంచి రాజేశ్వరమ్మ, "అన్నా, నా కిడ్నీలే పోయినయి. గుండె మంచిగనే ఉన్నది. దాన్ని గూడ పోగొట్టకు" అనేది.

హనుమయ్యకి ఒక్కటే దిక్కు. డ్యాష్‌బోర్డు నడిమధ్య వెంకటేశ్వరస్వామి స్టిక్కరు ఉంది. దిగుడు వచ్చినప్పుడల్లా దాన్ని తాకి కళ్ళకద్దుకునేవాడు. తాకి తాకి దాని అంచులు లేచాయి. ఎంత వేగంలోనూ బెదరని సారు, అది చూసి మాత్రం బెదిరిపోయేవారు. "మెల్లిగా మొక్కవయ్యా! ఊడొస్తుంది!"

రెండువేల పన్నెండు అక్టోబరు ఆఖర్లో పెద్ద తుఫాను వస్తోందని టీవీలు అరిచాయి. ఊరు ఊరంతా బంకుల మీద పడి ట్యాంకులు నింపుకుంది. పద్మనాభం గారు నింపలేదు. "అడుగంటకుండా పోయిస్తే లెక్క చెడుతుంది" అన్నారు.

తుఫాను వచ్చి పోయింది. చెట్లు కూలాయి, కరెంటు పోయింది, బంకులు మూతపడ్డాయి. డయాలిసిస్ సెంటరు చీకటైపోయింది. మంగళవారం ఆమెకి డయాలిసిస్ జరగలేదు. గురువారానికి రాజేశ్వరమ్మ కాళ్ళు చెప్పుల్లో పట్టనంత వాచాయి. పడుకుంటే ఊపిరాడక గోడకి ఆనుకుని కూర్చుంది. హ్యాకెట్స్‌టౌన్ వైపు సెంటరులో కరెంటు ఉంది, ఎలాగైనా రమ్మని ఫోను. అంబులెన్సుకి చేస్తే ఎంతసేపు పడుతుందో చెప్పలేమన్నారు.

హనుమయ్య మెట్లెక్కి సారు తలుపు ముందు నిలబడ్డాడు. పుట్టి బుద్ధెరిగాక ఎవర్నీ ఏదీ అడగలేదు. ఈలోగా తలుపే తెరుచుకుంది.

"నేనే వస్తున్నానయ్యా. ట్యాంకు అడుగంటినప్పుడు మైలేజీ ఎంతిస్తుందో ఇంతవరకూ చూళ్ళేదు. చెల్లెమ్మని తీసుకురా" అన్నారు సారు. మాట ధీమాగానే ఉంది. అప్పటికే తాళాలు చేతిలో ఉన్నాయి.

"ఎంతుంది సారు?"

"గాలనున్నర. పోను రాను యాభై మైళ్ళు."

"సరిపోతదా?"

మొదటిసారి సారు నోరు మెదపకుండా లెక్క వేశారు. "మామూలు మనిషి నడిపితే సరిపోదు. నేను నడిపితే సరిపోతుంది."

ఆ ప్రయాణం హనుమయ్యకి ఇప్పటికీ కలలోకొస్తుంది. సిగ్నళ్ళు వెలగవు. రోడ్డుకి అడ్డంగా చెట్లు. హైవే మీద ఎద్దుబండి వేగంతో పోతుంటే, వెనకనుంచి లారీలు మీదికొచ్చి చెవులు పగిలేలా హారన్ కొట్టి తప్పుకుంటున్నాయి. వెనక సీట్లో రెండు దుప్పట్లు కప్పుకున్న రాజేశ్వరమ్మ ఊపిరి గుర్రుగుర్రుమంటోంది. ఆ శబ్దం వినిపిస్తే భయం. వినపడకపోతే ఇంకా భయం. దిగుడొచ్చింది, ఇంజను ఆగింది. ఈసారి ఎవరూ తిట్టలేదు. హనుమయ్య స్వామిని తాకాడు. పెట్రోలు దీపం వెలిగింది. మళ్ళీ తాకాడు.

సెంటరుకి చేరారు. నర్సు ఆమెని చక్రాల కుర్చీలో పరుగున లోపలికి తీసుకుపోయింది. నాలుగ్గంటల తర్వాత రాజేశ్వరమ్మ బయటికొచ్చి, బండిని చూసి, "ఇంజను చల్లారిందా అన్నా?" అంది. ఆ మాట విన్నాక గానీ మగాళ్ళిద్దరికీ ఊపిరి రాలేదు.

తిరుగు ప్రయాణంలో ఆమె నిద్రపోయింది. పెట్రోలు ముల్లు ఎప్పుడో అడుక్కి దిగిపోయింది. జనరేటరు మీద ఒక్క సర్దార్జీ బంకే నడుస్తోంది. దాని ముందున్న ఆఖరి దిగుడులో బండి ఒక్క కుదుపు కుదిపి మూగబోయింది.

"ఆపినారా సారు?"

"ఈసారి నేనాపలేదయ్యా."

స్టీరింగు బిగుసుకుంది. బండి జారుతోంది. కింద బంకు ముందు కార్ల వరస దగ్గరికొచ్చేస్తోంది. సారు రెండు కాళ్ళతో బ్రేకు మీద నిలబడ్డారు. హనుమయ్య కళ్ళు మూసుకుని స్వామిని గట్టిగా పట్టుకున్నాడు. ఆఖరి కారుకి బెత్తెడు దూరంలో బండి ఆగింది.

కళ్ళు తెరిస్తే స్వామి హనుమయ్య చేతికొచ్చేశాడు.

స్టిక్కరు ఉన్నచోట చిన్న గాజుబిళ్ళ. అందులో పచ్చగా అంకెలు: 38.1. పక్కన గాలన్‌కి ఎన్ని మైళ్ళో చెప్పే ఎంపీజీ అన్న మూడక్షరాలు. ఇంగ్లీషు రాకపోయినా, రోజూ ఆ బండిలో తిరిగేవాడికి ఆ మూడు రావా? సారు కళ్ళు మూసుకుని, హారన్లు కొట్టించుకుని, నోటితో భాగించే లెక్క. బండే చేసి చూపిస్తోంది.

హనుమయ్య సారు వైపు చూశాడు. సారు కిటికీ వైపు తిరిగారు.

"అదా... అది గడియారం."

"ముప్పై ఎనిమిది గంటలా సారు?"

"పాడైందిలే."

హనుమయ్యకి మంచులో ఆగిన బండి గుర్తొచ్చింది. డెబ్బై కిలోల లోడు గుర్తొచ్చింది. నాలుగ్గంటలు చల్లారాల్సిన ఇంజను గుర్తొచ్చింది. బండికే తెలిసిన లెక్కకి ఇన్ని టెస్టులెందుకు?

రాజేశ్వరమ్మకి మెలకువ వచ్చింది. "ఏందయ్యా గొణుగుతున్నవ్?"

"ఏం లేదే. స్వామి జారిండు. అతికిస్తున్న." స్టిక్కరు మళ్ళీ అంకెల మీద పెట్టి, నాలుగు మూలలూ బొటనవేలితో గట్టిగా నొక్కాడు. "శనివారం టెస్టు ఎప్పుడు సారు?"

పద్మనాభం గారు గొంతు సవరించుకున్నారు. "పొద్దున్నే. లోడు మారకూడదు. తక్కువ తిను."

వరస కదిలినప్పుడల్లా హనుమయ్య దిగి వెనకనుంచి నెట్టాడు. ఎవరో ఇద్దరు వచ్చి చెయ్యి వేశారు. చీకటి పడే వేళకి పంపు దగ్గరికి చేరారు. హనుమయ్య మళ్ళీ ఎక్కి కూర్చున్నాడు. సర్దార్జీ గొట్టం పెట్టాడు. ఎప్పుడూ అరిచే పద్మనాభం గారు ఇవాళ సీటుకి తల ఆనించి కళ్ళు మూసుకున్నారు.

టక్కుమంది. సర్దార్జీ మళ్ళీ నొక్కబోయాడు.

హనుమయ్య కిటికీలోంచి నడుం దాకా బయటికొచ్చాడు.

"వన్ క్లిక్!" అని బంకు అదిరేలా అరిచాడు. "ఓన్లీ వన్ క్లిక్!"