డబ్బుపెట్టి కొన్న పేరు

“ఆ పేరు డబ్బుపెట్టి కొనుక్కున్నావటగా, అక్కా?” అని స్టూడియోలో హిసాయోను గిటారిస్టు మొహమ్మీదే అడిగాడు. “మరి గురువులు ఊరికే ఇస్తారా, నాయనా?” అంటూ ఆమె తన మూడు తంతుల వాద్యం షామిసెన్‌ను బిగించుకుంది. తంతులు ఒరుసుకుని ఆమె ఎడమచేతి గోళ్లకు గాట్లు పడ్డాయి. రైల్లో కూర్చున్నా ఆ వేళ్లు మోకాలి మీద కదులుతూనే ఉంటాయి. ఇరవయ్యేళ్ల సాధన తర్వాత, అప్పుచేసి కానుక చెల్లిస్తేగాని గురుపీఠం ఆమెకు తమ వంశపు వాద్యకారిణిగా ‘తొకిషిజు’ అన్న బిరుదు పేరు ఇవ్వలేదు. దాన్ని ఒక్కసారైనా అచ్చులో చూసుకోవాలని, కుర్రకారు ఎగబడే పాప్ బృందం సీడీకి వాయించింది.

సంగతి తెలిసి గురువు ఫోన్ చేశాడు. “ఆ గంతులకు మన వంశం పేరా? తీయించు. లేదంటే పేరే లాక్కుంటాను.”

“చిత్తం,” అని ఆమె ఫోన్ పట్టుకునే నడుం వంచింది.

సీడీ అట్టమీద గిటారిస్టు పేరుంది. ఆమె పేరుండాల్సిన చోట ‘షామిసెన్’ అని మాత్రమే ఉంది. పేరు కోసం చేసిన అప్పులో ఇంకా మూడు లక్షల యెన్‌లు తీరలేదు.